జూన్ నుంచా, కిరీటం నుంచా?

అమెరికాలో ఆర్మేనియా వాళ్ళు ఎక్కువగా ఉండే గ్లెండేల్‌లో, పన్ను లెక్కలు రాసే వహ్రామ్ ఆఫీసు. ఆయనకెదురుగా ఊరి వరసకి అక్కయ్యే సిరానుష్, ఆమె కోడలు షుషాన్.

"పిల్ల కాపురానికొచ్చింది అక్టోబర్లోనే అని రాయి తమ్ముడూ. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"అలా రాయలేనక్కా. మన ఎరెవాన్ నుంచి పిల్ల విమానం దిగింది జూన్‌లో."

"దిగితే? దిగినవాళ్ళందరూ కోడళ్ళయిపోతారా? చర్చిలో తలమీద కిరీటం పెట్టి పెళ్ళి చేసింది అక్టోబర్లో. అప్పటిదాకా మాకు చుట్టమే."

"చుట్టాన్నా అత్తయ్యా? వచ్చిన చుట్టం చేత ఎవరైనా తివాచీలు ఉతికిస్తారా?"

"నువ్వుండు షుషాన్. పెద్దవాళ్ళం మాట్లాడుకుంటున్నాం."

"నా గురించేగా మాట్లాడుకుంటున్నారు! బాబాయ్, మీరు చెప్పండి. ఈ జరిమానా దేనికి?"

"ఈ రాష్ట్రంలో ఉండే ప్రతివాళ్ళకీ ఆరోగ్య బీమా ఉండాలమ్మా. లేకపోతే పన్నుతో పాటు జరిమానా. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళకైతే అక్కర్లేదు. మూడు నెలల దాకా అయితే చూసీచూడనట్టు వదిలేస్తారు. నీకు జూన్ నుంచి నాలుగు నెలలు లేదు. పెళ్ళాం వచ్చిందని నీ మొగుడు అర్తాక్ వాళ్ళ కంపెనీలో చెప్పుంటే అప్పుడే నిన్ను వాడి బీమాలో చేర్చేవాళ్ళు. ఎందుకు చెప్పలేదో మరి."

"ఆయన్నే అడగండి."

"వాడు ట్రక్కు వేసుకుని పోయాడుగా. అక్కా, నువ్వు చెప్పు."

"కాఫీ బాగా కాచావు తమ్ముడూ."

"అక్కా!"

"ఏంటయ్యా! నేనే చెప్పొద్దన్నా. కిరీటం పడకుండా భార్య అని ఎలా చెప్పుకుంటాడు? నలుగురూ నవ్వరూ? రిజిస్ట్రారాఫీసులో సంతకాలు పెట్టుకోవడం కూడా ఒక పెళ్ళేనా?"

"ఆ పెళ్ళి చూసే నాకు వీసా ఇచ్చారు అత్తయ్యా. ఎయిర్‌పోర్టులో ఆఫీసరు, నిన్ను పిలిపించుకున్నది ఎవరు అంటే నా మొగుడు అన్నాను. గట్టిగానే అన్నాను. మీరేమో బయటికి రాగానే నన్ను మీ చెల్లెలింట్లో దింపేశారు."

"చర్చి పెళ్ళి కాకుండా ఒకే గదిలోనా? సిగ్గుండాలి."

"నాకు లేదు. ఆగస్టులో జ్వరంతో నా పళ్ళు టకటక కొట్టుకుంటుంటే, బీమా లేదు, ఆస్పత్రికొద్దు అని ఒళ్ళంతా వోడ్కాతో రుద్దారు. గుర్తుందా?"

"తగ్గిందా లేదా?"

"తగ్గింది! అయినా సరే, నేను చుట్టాన్నని రాస్తే సంతకం పెట్టను. చంపినా పెట్టను."

"మూడొందల డాలర్లకి పైనే తల్లీ! ఎవరు కడతారు, మీ నాన్నా?"

"నేనే కడతా. బేకరీలో నా జీతం ఉందిగా."

"అక్కా, నా మాట విను. అక్టోబర్ రాస్తే ఇవాళ ఆ డబ్బులు మిగులుతాయి. రేపు పౌరసత్వానికి వెళ్తే, భార్యనని వచ్చి చుట్టాన్నని ఎందుకు రాశావని నిలదీసేది ఈ పిల్లని. నిన్నూ కాదు, నీ కొడుకునీ కాదు."

"పౌరసత్వం సంగతి తర్వాత బాబాయ్. ఈ దేశంలో అడుగు పెట్టిన రోజు నుంచీ నన్ను భార్యగా లెక్కేసింది ఈ జరిమానా వేసేవాళ్ళొక్కళ్ళే. వాళ్ళ మాట నేనెందుకు కాదనాలి?"

"అబ్బో, ఏం పొగరు! నీకా కిరీటం పెట్టించాలని నేనెంత తాపత్రయపడ్డానో తెలుసా?"

"ఎందుకంత తాపత్రయం? మీ పెళ్ళి ఏ చర్చిలో అయింది అత్తయ్యా? ఒక్కసారీ చెప్పరేం?"

"వహ్రామ్, కాఫీ ఇంకా ఉందా?"

"ఉంది గానీ, చెప్పక్కా. నేనూ నీలాగే గ్యుమ్రీ ఊరి వాణ్ణే. నాకు తెలుసు."

"తెలిస్తే నోర్మూసుకో."

"దేవుడే లేడన్న సోవియట్ రోజుల్లో మాకెవరికీ చర్చి పెళ్ళి లేదమ్మా షుషాన్. సర్కారాఫీసులో సంతకాలు, అంతే. మీ అత్తగారికీ అంతే."

"అంటే... మీకు కిరీటం లేదా?"

"లేదు! లేదు, చాలా? మా అత్తకి దేవుడి పిచ్చి. ముగ్గురు పిల్లల్ని కన్నాక కూడా నన్ను 'మావాడి దగ్గరుండే పిల్ల' అనేది. చచ్చేదాకా కోడలని ఒక్కసారి అనలేదు. నా కోడలికి ఆ గతి పట్టకూడదనే నేను..."

"నాలుగు నెలలు మీరూ అదే చేశారు అత్తయ్యా."

"వహ్రామ్, ఆ రుమాలు ఇలా ఇవ్వు."

"అక్కా, ఏడవకు. ఏం రాయమంటావు?"

"ఎవరేడుస్తున్నారు? జూన్ రాయి. జరిమానా నేను కడతా, నా కోడలు కాదు. ఆ రోజుల్లో ఎవడైనా పుణ్యాత్ముడు నాకిలాంటి జరిమానా వేసుంటే, రసీదుకి పటం కట్టించి మా అత్త మంచానికెదురుగా తగిలించేదాన్ని!"