నీళ్ళు చూసి పెట్టిన రాజధాని

టీకొట్టు అక్క గ్లాసులు కడుగుతూ ఒక చెవి బల్లవైపు పడేసింది. తమ్ముడు మళ్ళీ మొదలెట్టాడు. కరెంటు పనులు చేసుకునే వాణ్ణి వీధంతా చక్రవర్తి అంటుంది. కంప్యూటర్లో రాజ్యాలు కట్టే ఆట ఒక్కసారి గెలిచి, నాలుగు నెలలుగా ఆ గెలుపునే నములుతున్నాడు. ఒక్కసారైనా తన ఊసెత్తుతాడేమోనని అక్క చూస్తూనే ఉంది. ఎత్తితే వాడి నోరేం అరిగిపోదు.

"ఆటంతా మొదటి ఇరవై వంతుల్లోనే ఉందయ్యా! వాళ్ళ వంతు రాగానే అందరూ ఎగబడి సైన్యం పోగేశారు. నేను? ఏటి ఒడ్డున ఊరు పెట్టి, ధాన్యం కొట్టు కట్టి, కాలు మీద కాలేసుకు కూచున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నిద్రపోయావు," అన్నాడు దర్జీ.

"యాభయ్యో వంతుకి ఏడు ఊళ్ళు! నూరో వంతుకి డెబ్బై! మా వంటశాలల వాసనకి శత్రు సైనికులు కత్తులు పారేసి, పళ్ళేలు పట్టుకుని వరసలో నిలబడ్డారు, వాళ్ళ రాజు అందరికన్నా ముందు! రెండొందలో వంతుకి పటంలో నేల చాల్లేదు, నా ఊళ్ళు తెర దాటి బల్ల మీదికొచ్చేశాయి. నా టీ గ్లాసు అంచుకి పడవ కట్టేశారయ్యా!"

"అంచు పగల్లేదా?"

"పగిలితే వాళ్ళే అతికించి పోయారు!"

"బాగుంది బావా," అన్నాడు దర్జీ. "కానీ అప్పుడు నువ్వు నిచ్చెన మీంచి పడి, రెండు చేతులకీ కట్లతో ఉన్నావు కదా. అన్నం కూడా అక్కే తినిపించేది. మరి మౌస్ ఏ చేత్తో పట్టావు?"

బల్లంతా గొల్లుమంది. చక్రవర్తి "ముక్కుతో" అనబోయి, అటు చూశాడు. అక్క గ్లాసు కడగడం ఆపేసింది.

"అక్కే పట్టింది," అన్నాడు. "మొదటి వంతులోనే సైన్యం పంపమని నేను గోల. ఆవిడ వింటేనా! 'నీళ్ళు దగ్గర లేని చోట టీకొట్టే పెట్టను, రాజధాని పెడతానా? ముందు తిండి సంగతి చూడరా' అని కసిరింది. నా మాట వినుంటే పదో వంతుకే మూటాముల్లే సర్దేవాణ్ణి. ఆటదేముందిలే. ఆ రెండు నెలలూ నేను బతికిందే ఆ చేతుల మీద."

లేచెళ్ళి ఆమె చేతిలో గ్లాసు లాక్కున్నాడు. "ఇవాళ నేను కడుగుతా. నువ్వు కూచో."

అక్క కూచుంది. కాలు మీద కాలేసుకుని మరీ.

"అంచులు జాగ్రత్తరా," అంది, "పడవలు కట్టుంటాయి."