బండారి మీద ఒట్టు

తాండూరులో ఒక బ్యాంకు, మధ్యాహ్నం. క్యాషు కౌంటరులో నాగరాణి. ఎదురుగా పెద్దేముల్ దగ్గరి పల్లె నుంచి వచ్చిన ముసలి గొర్ల కాపరి కిష్టప్ప.

“మళ్ల అడుగుతున్న తాతా, మూడు లక్షల ఇరవై వేలు మొత్తం తీస్తవా?”

“మొత్తం బిడ్డా. జల్ది ఇయ్యి.”

“మొన్ననే గదా గొర్లన్నీ అమ్మి ఖాతాల ఏసినవ్. మోకాళ్లు నడవనిస్తలేవు, ఇగ గీ పైసలే నాకు ఆధారం అన్నవ్.”

“అన్న. గిప్పుడు కావాలె.”

“ఎందుకు?”

“మనుమరాలి పెండ్లి.”

“ఎన్నేండ్లు మనుమరాలికి?”

“...ఏడు.”

“తాతా!”

“ఏందమ్మా, ఎవలి పైసలు గవి? నావి నాకిచ్చుటానికి గిన్ని ముచ్చట్లెందుకు?”

“నీవే. ఇయ్యనంటలేను. పెండ్లి అని చెప్పుమని ఎవలన్న నేర్పిండ్రా? ఫోన్ గిట్ల వచ్చిందా?”

“ఏ ఫోన్? రాలే.”

“పోలీసులమని, కేసయిందని...”

“రాలేదంటున్న గదా! జర మెల్లగ మాట్లాడు.”

“ఇటు చూడు తాతా. గీ నెలల ఇద్దరు పెద్దోళ్లు గిట్లనే వచ్చిండ్రు. ఒకామె నన్నే తిట్టిపోసి, పట్టువట్టి తీసుకపోయింది. గిప్పుడు దినాం వచ్చి గా కుర్చీల కూసోని ఏడుస్తది.”

“...బొంబాయి పోలీసట.”

“ఆఁ, చెప్పు.”

“చెప్పరాదు. ఒట్టేసిన.”

“దొంగోనికి ఏసింది ఒట్టే కాదు. ఏమన్నడు?”

“నా ఆధార్ మీద ఎవలో గంజాయి పంపిండ్రట. పైసలు కడితే కేసు తీసేస్తరట. లేకుంటే జైలట.”

“పచ్చి అబద్ధం! పోలీసులు ఫోన్ల పైసలడుగుతరా? నీ మీద ఏ కేసు లేదు, ఫికర్ చెయ్యకు. ఎవలతోని వచ్చినవ్?”

“మా మల్లికార్జున్ బండి మీద తెచ్చిండు. బయట ఉన్నడు.”

“కొడుకా? మంచిగయింది. లోపటికి పిలుస్త, ఆయనన్న నీకు సమజ్ చేపిస్తడు.”

“వద్దు! వాన్ని పిలువకు.”

“ఎందుకు?”

“ఒట్టు బిడ్డా. మా దేవుడు బీరప్ప బండారి ముట్టి ఏసిన. మేం కురుమోళ్లం. గా పసుపు నుదుట పెట్టుకొని అన్న మాట తప్పితే మంద నిలువది, ఇల్లు నిలువది.”

“బండారి ముట్టుమని ఎవలన్నరు?”

“గా పోలీసే. దేవునర్రల, గూట్ల, ఇత్తడి గిన్నెల బండారి ఉంటది, ముట్టి, ఇంట్ల ఎవలకు చెప్పనని ఒట్టెయ్యి అన్నడు.”

“...మళ్లొకసారి చెప్పు తాతా.”

“ఏం చెప్పాలె?”

“బొంబాయి పోలీసుకు బీరప్ప ఎట్ల ఎరుక? మీ ఇంట్ల గూడు ఎట్ల ఎరుక? గూట్ల ఇత్తడి గిన్నె ఎట్ల ఎరుక?”

“పైసలియ్యి బిడ్డా.”

“వాడు మీ ఇంట్లకు వచ్చిపోయెటోడే! దొరుకుతడు తాతా. మేనేజర్ సారుకు చెప్పి గిప్పుడే సైబర్ పోలీసులకు ఫోన్ చేపిస్త. పొద్దు గూకక ముందే పట్టుకుంటరు.”

“వద్దు, వద్దు! నీ కాళ్లు మొక్కుత, పోలీసులొద్దు. నాకెరుకే.”

“ఏం ఎరుక?”

“గొంతు. గుడ్డ అడ్డం పెట్టుకొని మాట్లాడిండు. నడుమ నడుమ హిందీ కలిపిండు. గుర్తుపట్టనా బిడ్డా నేను? పట్టిన. పట్టి కూడ, ‘ఆఁ సార్, గట్లనే సార్’ అన్న.”

“సార్ అన్నవా... అంటే, బయట బండి మీద...”

“మెల్లగ! వానికి వినవడుతది.”

“అయ్యో తాతా. ఎరుకుండి మరి ఎందుకిస్తున్నవ్?”

“గీ సంగతి నాకెరుకని వానికి తెలిస్తే నా మొకం చూడలేడు, ఎటన్న పోతడు. గొర్లు పాయె, మోకాళ్లు పాయె. నాకింత బువ్వ పెట్టెటోడు వాడొక్కడే. జల్ది ఇయ్యి బిడ్డా, పాపం పొద్దటిసంది ఎండల నిలవడ్డడు.”