నాలుగు రోజులు, ఒక్కడే

ఇంట్లో తానొక్కతే ఉన్నప్పుడు పాపకు జ్వరమెక్కి ఫిట్స్ వస్తాయేమోనన్నదే ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం. ఉగ్గు కలుపుతున్న చేయి భర్త మాటకు గిన్నెలోనే ఆగిపోయింది.

"థాయ్‌లాండా? రేపా? సార్ల ఎంబడి బ్యాగులు మోయనీకా?"

"కాదు, నేనే గోల్ఫ్ ఆడనీకి. నాలుగు రోజులు, ఒక్కన్నే. పొద్దుగాల అనుకున్న, టికెట్ బుక్ చేసిన."

"నువ్వు ఆడుడేంది? సార్ల బ్యాగులు మోసే క్యాడీవి నువ్వు!"

"పదకొండేండ్ల సంది సోమవారం సోమవారం ఆడుతలేనా?"

"అది క్లబ్బు బందున్ననాడు గ్రౌండు మీకు ఇడిసిపెడ్తరు. గంత దానికే ఇమానమెక్కుతరా?"

"అక్కడ ఎవ్వరాడినా బ్యాగు క్యాడీనే మొయ్యాలంట. నా బ్యాగు ఇంకొకరు మోస్తరు. ఒక్కసారి ఒట్టి చేతులతోని నడవాలనుంది."

కోపం రావలసిన చోట ఆమెకు కోపం రాలేదు. పెళ్లయ్యాక అతను తన కోసం ఒకటి కోరుకోవడం ఇదే మొదలు.

"మొన్నటి లెక్క పాపకు ఫిట్స్ వస్తే? దవాఖానకు నేనొక్కదాన్ని ఎట్ల ఉరకాలె?"

"అండాలమ్మత్త ఉంది గద పక్కింట్ల."

"ఆమె నిన్ననే బిడ్డ కాన్పుకు నల్లగొండ పోయింది. నీకు ఎర్కలేదా?"

అతను ఫోన్ తీసి టికెట్ చూసుకున్నాడు.

"టికెట్ వాపస్ కాదంట... పోవద్దంటే పోను."

"పో. పోయి ఆడిరా. ఫోన్ మాత్రం బంద్ పెట్టకు."

తెల్లారి అతను ఎల్‌బీ నగర్‌లో ఎయిర్‌పోర్ట్ బస్సెక్కాడు. మీరెవరైనా అల్మాస్‌గూడ వైపు ఉంటే, వాటర్ ట్యాంకు వెనక రెండో ఇంటి తలుపు ఒకసారి తట్టండి. పాప ఒళ్లు వెచ్చబడిందేమో అడగండి. లేదని చెప్పినా, కాసేపు కూర్చునే రండి.