బార్బెక్యూకు కప్పిన దుప్పటి

టొమాటో మొక్కలకు పాత గుడ్డలు కప్పాలి, పూలకుండీలను వరండాలోకి చేర్చాలి, నిమ్మచెట్టుకు దుప్పటి చుట్టాలి. మంచు పడుతుందంటే ఇవన్నీ నోయెలీన్ చేసేది. ఆమె పోయాక వచ్చిన మొదటి చలికాలం, జూలైలో, ఆస్ట్రేలియాలోని టూవూంబాలో ఎవరూ అనుకోనంత మంచు పడింది. తెల్లారి ఆమె భర్త రంపం పట్టుకుని, ఆమె నాటిన నిమ్మచెట్టు ముందు నిలబడ్డాడు. ఆకులన్నీ మాడిపోయాయి. కంచె అవతలి నుంచి పొరుగావిడ పలకరించింది.

“ఏమయ్యా, చెట్టుకు చుట్టాల్సిన దుప్పటి బార్బెక్యూకు కప్పావేం?”

“అది కొత్త పొయ్యి కదమ్మా, తుప్పు పడుతుందని.”

“చెట్టు పాతది, పోతే పోనీ అనా?”

“అయ్యో, వదిలేయలేదు. రాత్రి మా వాళ్ళందరం బీరు తాగి, వంతులవారీగా దాని మొదట్లోనే ఉచ్చ పోశాం. వెచ్చగా ఉంటుందని!”

“ఈ ఊరి మగాళ్ళు నిమ్మచెట్టుకు చేసే సేవ అదొక్కటేగా. మరి ఆ రంపం దేనికి?”

“వంటింటి కిటికీలోంచి రోజూ ఇదే కనబడుతుంది. చచ్చిన చెట్టును ఎలా చూస్తూ కూర్చోను?”

“చచ్చిందని ఎవరన్నారు? కొమ్మ మీద గోటితో గీకి చూడు.”

అతను గీకాడు. వంగి దగ్గరగా చూశాడు.

“ఏమైందయ్యా?”

“లోపల పచ్చగా ఉంది.”

“మాడిన ఆకులే ఇప్పుడు దానికి రక్ష. వసంతం దాకా ముట్టుకోకు. రంపం ఇలా తే.”

అతను రంపం అందించి, దుప్పటి తెచ్చి చెట్టుకు చుట్టాడు.

“మరి బార్బెక్యూ?”

“దానికీ వంతులు వేసుకోండి!”

మీరు ఈసారి నిమ్మకాయ పిండేటప్పుడు, నోయెలీన్‌ను ఒక్కసారి తలచుకోండి.