పదో మనిషి గీసిన సుడి

న్యూరాలజీ విభాగంలో పెద్ద డాక్టరు గది. కుర్చీలో బావ, ఎదురుగా, ఆయన దగ్గరే పరిశోధన చేస్తున్న డాక్టరు మరదలు. బల్ల మీద కాగితాల కట్ట.

“...ఇంకోసారి చూడు బావా, ఈ పదో కాగితం మాత్రం...”

“ఆసుపత్రిలో బావ ఏంటే? సార్ అను.”

“తలుపు వేసే ఉందిలే. ఇది తీసేద్దాం. రేపే వ్యాసం పంపాలి.”

“ఎందుకు తీసేయడం? రోగులతో పోల్చి చూడ్డానికి ఏ రోగమూ లేనివాళ్ళు పదిమంది. తలా ఒక సుడి గీశారు, కింద ఒక వాక్యం రాశారు. అంతేగా?”

“అంతే. కానీ ఈ సుడి...”

“ఆఁ, ఈ సుడి?”

“కొంచెం వణికింది. కాఫీ ఎక్కువైందేమో.”

“కాఫీయా! ముప్పై ఏళ్ళు వణికే చేతులతో కుస్తీ పట్టినవాడి ముందు కాఫీ అంటావా? కింద అక్షరాలు చూడు.”

“చూశా.”

“ఎలా ఉన్నాయి?”

“మొదట్లో బానే ఉన్నాయి.”

“చివర?”

“చివర... ఆవగింజలు. పెన్ను బాలేదేమో.”

“ఇప్పుడు పెన్ను మీదికి నెట్టావా! ఇలా నీళ్ళు నమిలేదానికి డిగ్రీ ఇచ్చినవాణ్ణి తన్నాలి.”

“ఇచ్చింది నువ్వే.”

“అయితే నన్నే తన్ను. ముందు జబ్బు పేరు చెప్పు.”

“నీకు తెలుసుగా, నువ్వే చెప్పు.”

“నువ్వు చెప్పు.”

“బావా, ప్లీజ్.”

“చెప్పవే!”

“పార్కిన్సన్స్. తొలి దశ. చాలా? ఆ రోజు పదోవాడు రాలేదని, ‘దుక్కలా ఉన్నా, నేను పనికిరానా’ అంటూ నువ్వే కూర్చుని గీశావు. ఇది నీ చేతిరాత బావా! నీకెలా చెప్పాలో తెలీక నాలుగు రోజులుగా నాకు నిద్ర లేదు.”

“అబ్బ, ఏడవకు. మెదడు కొత్త దారులు వేసుకుంటుందని సభలన్నీ తిరిగి ఊదరగొట్టాగా. ఇప్పుడు వేసుకోమను, చూద్దాం.”

“జోకులేంటి బావా? నీకు భయం వేయట్లేదా?”

“చచ్చేంత వేస్తోంది. మీ అక్కకి చెప్పాలంటే ఇంకా ఎక్కువ వేస్తోంది.”

“మరి ఇంత మాట అంటే ఉలిక్కి కూడా పడలేదే?”

“ఆ రోజు పదోవాడు వచ్చాడే. నేనే గుమ్మంలోంచి వెనక్కి పంపేశా. ఆర్నెల్లుగా నా నోటికి రాని మాట, నీ నోటైనా వస్తుందని.”