నేరేడు రంగు చీర

"అదేటి బావా, ఈ సీర ఫోటో తీయగానే నీ ఫోను ఇలగ సెప్తన్నాది? మీరిది ఆర్డరు పెట్టీసినారు, రేపొస్తాది అంటన్నాది."

"ఏదీ, ఇలగియ్యి. ఫోన్లకేటి తెలుస్తాది?"

"ఆగాగు, సూడనీ."

శృంగవరపుకోటలో కూర్మమ్మ చీరల కొట్టు అది. కొట్లో చీర పట్టి చూసి, ఫోటో కొట్టి, ఫోనులో ఎంతకొస్తుందో వెతకడం దుర్గాభవానికి అలవాటు. ఇవాళ తన ఫోనులో ఛార్జింగ్ లేక మొగుడు జగన్నాధం ఫోను లాక్కుంది. లాక్కున్న నిమిషానికే ఒళ్ళు భగ్గుమంది.

"నేరేడుపండు రంగు, జరీ అంచు. సరీగా ఇదే! ఎవలికి బావా?"

"ఎవలికేటి... సెయ్యి తగిలీసుంటాది."

"సెయ్యి తగిల్తే అడ్రసు కూడా రాసీస్తాదేటి? గంగులు పాన్‌షాపు, బస్టాండెదుర. మనింటికి రాకుండా పాన్‌షాపుకెందుకెల్తాది సీర? గంగులు కడతాడేటి?"

"ఒసే, మెల్లగా మాటాడు. కూర్మమ్మ ఇంటన్నాది."

"ఇననీ! ఓ కూర్మమ్మా, నువ్వే సెప్పు. మొగుడు దొంగసాటుగా సీర కొంటే ఏటనుకోవాల?"

"నానేటి సెప్పీదమ్మా. నా కొట్లో ముట్టుకుని ఫోన్లో కొనుక్కునేవోలికి నా మాటెందుకు? కావాలంటే సెప్పు, నేదంటే మడతెట్టీస్తాను."

"ఉండు, మడతెట్టకు. సెప్పు బావా. నాను రెండోదాన్ని. మీ ఇంట్లో ఏది ముట్టుకున్నా నీ మొదటి పెళ్ళాందే. ఈశ్వరి గిన్ని, ఈశ్వరి మంచం, మీ అమ్మ నోట ఈశ్వరి పేరు. సచ్చిపోయినామె గదాని కడుపులో మంట కడుపులోనే దాసుకున్నాను. ఇప్పుడు బతికున్నది ఇంకోతొచ్చిందేటి?"

"ఛ! ఇంకోతి నేదు."

"మరెవలు?"

"ఒగ్గేయే, ఇంటికెల్లి..."

"బావా!"

"ఆమెకే."

"ఏ ఆమె?"

"ఈశ్వరికి. వచ్చే వారం ఆమె పోయిన తిథి. ముత్తైదువుగా పోయింది గదా, సీర పెట్టాల. పూజయ్యాక ఆ సీర నువ్వు కట్టుకోవాల. నీకు సెప్పమని అమ్మ పోరు. ఎలగ సెప్పాలో తెల్నేదు. ఆ పేరెత్తితే నీ మొకం మాడిపోతాది."

దుర్గాభవాని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఏడవకే. నలుగురూ సూస్తన్నారు."

"నానేడట్నేదు. ఆమెకి నేరేడు రంగంటే అంతిష్టమా?"

"కాదు."

"మరి?"

"ఆమెకి పసుపుపచ్చంటే పేణం. నేరేడు రంగు నీకు నప్పుతాదని... ఎలాగూ కట్టీది నువ్వే గదా."

"అంటే, ఆమెకి పెట్టే సీర కూడా నాకోసమే కొన్నావు."

"అంతే మరి."

"కేన్సిలుకి ఎక్కడ నొక్కాల? ఇదిగో... అయిపోనాది."

"ఒసే, ఇంకా కోపమేటే?"

"కూర్మమ్మా, ఈ నేరేడుది మడతెట్టీ. పసుపుపచ్చవి తియ్. మంచివి. ఫోటో తియ్యన్లే, నీ దగ్గరే కొంతాను."

"ఎవలికమ్మా, నీకేనా?"

"మా అక్కకి."