నాగులేట్లో దిగబడ్డ సంఘం

"ఒరేయ్ శేషగిరిరావూ! బస్సుల షావుకారూ! మా ఎడ్ల నోటికాడ గడ్డి లాక్కున్నావు! మా కాడి విరిచి నీ పొయ్యిలో పెట్టుకున్నావు! పల్నాట్లో బండి చక్రం ఆగిందంటే ఆ పాపం నీదేరా! నీదీ, నీ బస్సెక్కే సిగ్గులేని జనానిదీ! ఏమయ్యోయ్, కిటికీ కాడ తువ్వాలు! నిన్నే! సిగ్గులేదా?"

యుద్ధకాలం. పెట్రోలు కరువై బస్సులు బొగ్గుపొగతో నడుస్తున్న రోజులు. కారంపూడి దాటి గురజాల పోయే దారిలో, నాగులేటి ఇసకలో బస్సు ఇరుసు దాకా కూరుకుపోయింది. డ్రైవరు ఎడ్ల కోసం ఊళ్లోకి పోయాడు. జనం చెట్ల నీడకు చేరారు. దిగనివాళ్లు ఇద్దరే: వెనక సీట్లో దుప్పటి ముసుగులో ఒక జ్వరం మనిషి, ముందు కిటికీ పక్కన తలకు తువ్వాలు చుట్టుకున్న శౌరి. తిడుతున్నది అటుగా బండి తోలుకొచ్చిన కాలేషా.

"తిట్టు తమ్ముడూ, తిట్టు. కాస్త మెల్లిగా తిట్టు."

"మెల్లిగా ఎందుకు తిడతా? గొంతెత్తి తిట్టమని మా శౌరన్న నేర్పాడు... ఆగాగు. ఆ గొంతు... తువ్వాలు తియ్యి."

"ఎండ."

"బస్సులో ఎండేంది? తియ్యి... యా అల్లా! శౌరన్నా!"

"అరవమాక! చెట్ల కింద జనం వింటారు."

"బళ్ల సంఘం కార్యదర్శివి! నువ్వు బస్సెక్కావా?"

"ఎక్కలా. ఎక్కాల్సొచ్చింది."

"రెంటికీ తేడా ఏందన్నా?"

"చానా ఉంది. బస్సును ఆపటానికి బస్సెక్కా."

"ఆగిందిగా మరి. దిగు."

"ఇక్కడ కాదురా తిక్కలోడా! గురజాల బంగళాలో పర్మిట్లిచ్చే దొర మకాం. సరుకు కూడా మోసుకోటానికి శేషగిరిరావు పర్మిట్టు అడిగాడు. మిరపకాయ బస్తాలూ, పత్తి బోరాలూ బస్సెక్కినయ్యంటే మన బళ్లు ఇంక వంటచెరుకే. వద్దని అర్జీ ఇయ్యాలి. మధ్యాన్నానికి దొర ఎళ్లిపోతాడు. ఆ లోపల చేరలేదా, అయిపోయింది."

"రాత్రే బండి కట్టుకుని పోవాల్సింది."

"నకరికల్లు కాణ్ణించి రాత్రే బండి కట్టినా ఇయ్యాల సందేళకి గానీ చేరను. 'బస్సు కన్నా బండే నమ్మకం' అని అర్జీలో రాసింది వేరే సంగతి."

"ఎవురు రాశారు?"

"నేనే. కింద గీత కూడా గీశా. సరేగానీ కాలేషా, నీ ఎడ్లు విప్పి బస్సుకు కట్టు. ఒక్క గుంజు గుంజితే ఒడ్డెక్కుద్ది."

"కట్టను."

"ఏంది?"

"'దిగబడ్డ బస్సుకు ఏ బండోడూ ఎద్దును కట్టరాదు. కట్టినోడు సంఘద్రోహి.' ఎవురి తీర్మానమన్నా అది?"

"...నాదే."

"బైబిలు మీద నువ్వూ, ఖురాను మీద నేనూ, ముల్లుగర్ర మీద మిగతావోళ్లూ ఒట్టేశాం."

"అది రాసేటప్పుడు లోపల నేనుంటానని ఎవుడనుకున్నాడు?"

"షావుకార్ల రూళ్లన్నీ ఇట్టాగే ఉంటయ్యని నువ్వే చెప్పావు. రాసేది ఒకడు, మోసేది ఇంకొకడు."

"నేను సవాలక్ష చెప్తా, అన్నీ గుర్తు పెట్టుకోమాక! పోనీ, తీర్మానం మార్చేద్దాం. కార్యదర్శిని నేనున్నా, సభ్యుడివి నువ్వున్నావు."

"అధ్యక్షుడు లేకుండా అక్షరం మార్చగూడదు. అదీ నువ్వు రాసిందే."

"కోటయ్య బాబాయిని యాణ్ణించి తేను? ఈపాటికి ఎడ్లకు కుడితి పెడతా ఉంటాడు. ఆయనరా అసలు బండోడంటే! ఆయన్ని చూసి నేర్చుకోండిరా!"

"ఎనక దగ్గేదెవురన్నా?"

"ఎవురో జ్వరం మనిషి. ఎక్కిన కాణ్ణించీ మొహం చూపియ్యలా. అవునుగానీ కాలేషా, నీ బండిలో ఆ బస్తాలేంది?"

"గడ్డి."

"గడ్డి బస్తాలో పోస్తారంట్రా?"

"నలిగిన గడ్డి."

"కింద నల్లగా రాలతందే?"

"ఎండలకు నల్లబడింది."

"కాలేషా!"

"...బొగ్గులన్నా."

"ఎవురికి?"

"అడగమాక."

"ఎవురికిరా?"

"బస్సుకి."

"ఓరి నీ మొహం మండా! ఇందాకణ్ణించీ నన్ను పట్టుకుని..."

"ఏం చెయ్యమంటావన్నా? బండెక్కే మనిషి లేడు. 'పిల్లలకు ముందు పెట్టనా, ఎడ్లకు ముందు పెట్టనా' అని మా ఇంటిది జమీలా రోజూ అడుగుద్ది. ఏం చెప్పను? బొల్లాపల్లి అడివిలో బొగ్గు కాలుస్తన్నారు, గురజాల షెడ్డుకు తోలమన్నారు. తోల్తన్నా. నేనొక్కణ్ణేనా? మనోళ్లందరూ అదే. తెల్లార్లూ బొగ్గు తోలి, పొద్దున నీ మీటింగుకొస్తారు."

"అందుకా అందరి చేతులూ అంత నల్లగా ఉండేది! కష్టజీవుల చేతులని గంటసేపు ఉపన్యాసం చెప్పానురా వాటి మీద!"

"చానా బాగా చెప్పావన్నా. మేమంతా ఏడ్చాం."

"ఇంక నావల్ల గాదురా నాయనా! నవ్వాపుకోలేక దుప్పటి ఊడిపోతంది!"

"ఎవురది?... కోటయ్య బాబాయా!"

"అధ్యక్షుల వారే. కూర్చో శౌరీ, లేవమాక."

"జ్వరమా బాబాయ్?"

"సిగ్గురా. దానికీ దుప్పటి కావాలి."

"మరి ఎడ్లకు కుడితీ..."

"యాడ ఎడ్లు? పోయిన సంతలో అమ్మేశా. మీ పిన్ని నాలుగురోజులు అన్నం తినలా. ఒక్క ఎద్దు కూడా లేకుండా బళ్ల సంఘానికి అధ్యక్షుణ్ణి నేను. శేషగిరిరావును పనడగబోతన్నా."

"ఏం పని?"

"ఈ బస్సు ఎనకాల పొయ్యి ఉందే, దానికి గాలి చక్రం తిప్పే పని. పొద్దున్నే ఎవురో ఒకరు చెమటలు కారేదాకా తిప్పితేగాని బస్సు లేవదంట. ఎడ్ల బదులు నేను."

"బాబాయ్..."

"జాలి చూపియ్యమాక. నీ తువ్వాలు చూసుకో."

"అది గాదు బాబాయ్. కాలేషా బొగ్గు తెస్తన్నాడు. నువ్వు గాలి తిప్పబోతన్నావు. నేను టిక్కెట్టు కొన్నా. దిగబడితే లాగేవీ మన ఎడ్లే. అంటే ఈ బస్సును నడిపేది ఎవురు?"

"ఎవురన్నా?"

"బస్సును ఆపే సంఘం!"

"ఇప్పటికి తెలిసిందా కార్యదర్శీ?"

"మనోళ్లు బొగ్గు తోలకపోతే?"

"పొగ రాదు."

"ఎడ్లు కట్టకపోతే?"

"నాగులేట్లో గుడ్లు పెట్టుద్ది."

"మరి నేను దొర కాళ్లకాడికి ఎందుకు పోతన్నా? ఆ శేషగిరిరావే మన కాడికి రావాలిగా! బాబాయ్, సంఘం మొత్తం ఇక్కడే ఉంది. మీటింగు మొదలెట్టు."

"మొదలెట్టా. ఉపన్యాసం మాత్రం వద్దు."

"ఉపన్యాసం గాదు, తీర్మానం! బొల్లాపల్లి బొగ్గు ఒక్క బస్తా కూడా షెడ్డుకు పోగూడదు. నీ బండి ఇక్కడే తిప్పు కాలేషా. డ్రైవరు తెచ్చే ఎడ్లు మనోళ్లయ్యే, వాటినీ కాడి దించి కూర్చోబెట్టాలి. షావుకారు ఈ ఇసకలోకి నడిచి రావాలి! మనిషి బస్సుకి, సరుకు బండికి అని నలుగురిలో ఒప్పుకోవాలి! బస్సులో పనుంటే ఎడ్లు పోయిన బండోడికే ముందు ఇయ్యాలి, మా బాబాయ్ చేత అడిగించుకోకుండా! అప్పుడే ఎడ్లు కడతాం. లేదా, ఇది ఇక్కడే తుప్పు పట్టాలి!"

"డ్రైవరొస్తన్నాడన్నా. ఎనకాల జనం కూడా వస్తన్నారు."

"రానీ! మొహానే చెప్తా!"

"చెబుదువుగాని అన్నా. గొంతెత్తి చెబుదువుగాని. ముందు మీరిద్దరూ బస్సు దిగండి."